కొత్తగా ఫైర్ స్టేషన్ చార్జ్ తీసుకుంటున్నారా? స్టేషన్ ఎలా నడపాలో వరసగా చెప్తా

స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా మొదటి పోస్టింగ్ వచ్చినవాళ్లకి, లీడింగ్ ఫైర్‌మన్ నుంచి ప్రమోషన్ మీద వచ్చి నిన్నటిదాకా పక్క మంచంలో పడుకున్నవాళ్లకే ఇవాళ ఆర్డర్లు వేయాల్సి వస్తున్నవాళ్లకి, ఇద్దరికీ పనికొస్తుందని రాస్తున్నా. ట్రైనింగ్‌లో హోస్ డ్రిల్, లాడర్ డ్రిల్, పంప్ డ్రిల్ అన్నీ బాగానే నేర్పిస్తారు, కానీ స్టేషన్ నడపడం ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, అది పోస్టింగ్‌లో పడ్డాక నేర్చుకోవాల్సిందే. నా లెక్కలో అయితే ఆఫీసర్ పనిలో ముప్పాతిక వంతు బెల్ మోగని టైమ్‌లోనే ఉంటుంది. పంప్ నీళ్లు లాగుతోందా, ఆ సందులో బండి పడుతుందా, ఆ లాడ్జికి ఇంకో మెట్ల దారి ఉందా, ఇవన్నీ కాల్ వచ్చాక తెలుసుకుంటే అప్పటికే లేటు.

ముందు చార్జ్ సరిగ్గా తీసుకోండి

పాత ఆఫీసర్ రిజిస్టర్ తెచ్చి ముందు పెట్టి "అన్నీ ఉన్నాయి సార్, సంతకం పెట్టేయండి, నాకు బస్సుంది" అంటారు. మొహమాటపడకండి. ఒక పూట పడుతుంది, పట్టనీండి. రిజిస్టర్‌లో డెలివరీ హోస్ 20 అని ఉంటే 20 కూడా గ్రౌండ్‌లో పరిపించి, నీళ్లు ఎక్కించి 7 కేజీల ప్రెషర్ దాకా తీసుకెళ్లి చూడండి, ఎక్కడెక్కడ చిమ్ముతోందో, ఏ కప్లింగ్ దగ్గర కారుతోందో సున్నం ముక్కతో గుర్తు పెట్టించండి, ప్రతి హోస్‌కీ నంబర్ వేయించండి. అలా చేస్తే కాగితం మీద ఉన్న 20లో నిజంగా పనికొచ్చేవి ఎన్నో తేలిపోతుంది. పనికిరానివాటిని బండిలోంచి తీసేసి కండెమ్ చేయడానికి రాసి పంపండి, బండిలోనే ఉంచితే అర్ధరాత్రి చీకట్లో ఎవడో ఒకడు దాన్నే పట్టుకుని పరిగెత్తుతాడు.

పంప్‌ని ట్యాంక్ నీళ్లతో నడిపి చూసి సరిపెట్టుకోవద్దు, చెరువు దగ్గరికో బావి దగ్గరికో తీసుకెళ్లి సక్షన్ (నీళ్లు లాగే పైపు) వేయించండి. కాగితం మీద ఎన్ని మీటర్లున్నా మనకి పనికొచ్చే సక్షన్ లోతు 7 మీటర్లే, అంతకన్నా కిందున్న నీళ్లు లాగదు. ప్రైమర్ (పంప్‌లో గాలి తీసేసి నీళ్లు పట్టించేది) ఎంతసేపట్లో పట్టుకుంటోందో టైమ్ చూడండి. ఎక్కడో గాలి పీలుస్తుంటే నూటికి తొంభై పాళ్లు సక్షన్ వాషర్ పోయి ఉంటుంది, పది రూపాయల వస్తువు, దాని వల్ల మొత్తం బండి వేస్ట్. బీఏ సెట్ల (పొగలో ఊపిరికి గాలి సిలిండర్, మాస్క్ ఉండే సెట్లు) గేజ్‌లు, మాస్క్ రబ్బరు, హైడ్రాలిక్ కట్టర్ స్టార్ట్ అవుతుందా, నిచ్చెన తాడు ఎలా ఉంది, ఇవన్నీ చేత్తో పట్టుకుని చూడాల్సినవే.

రోజూ పొద్దున రోల్ కాల్

రోల్ కాల్ అంటే హాజరు వేయడం అనుకుంటే అయిపోయినట్టే. ఆ రోజు బండిలో ఎవరు ఎక్కడ కూర్చుంటారో, దిగగానే ఎవరు ఏం పట్టుకుంటారో అప్పుడే తేలిపోవాలి. బ్రాంచ్ (హోస్ చివర నీళ్లు కొట్టే గొట్టం) ఎవరిది, హోస్ ఎవరు పరుస్తారు, బీఏ వేసుకుని లోపలికి వెళ్లే ఇద్దరు ఎవరు, వాళ్ల మీద కన్నేసి బయట ఉండేది ఎవరు. డీఓపీ (బండి నడిపి, పంప్ కూడా చూసే డ్రైవర్) పంప్ వదిలి కదలకూడదు, ఇది ముందే గట్టిగా చెప్పండి, ఎందుకంటే జనం చేతులు పట్టుకుని లాగుతారు, "అన్నా మా ఇంట్లో ముసలామె ఉంది రా" అని, అతను వెళ్లిపోతే లోపలున్న బ్రాంచ్‌మన్‌కి ప్రెషర్ పడిపోతుంది. ఆ మనిషిని తీసుకురావడానికి వేరేవాళ్లని ముందే పెట్టుకోవాలి.

ఆ తర్వాత బండి స్టార్ట్ చేసి పీటీవో (ఇంజన్ పవర్‌ని పంప్‌కి అందించే గేర్) ఎంగేజ్ చేసి కాసేపు పంప్ నడపాలి, ట్యాంక్ నిండా ఉందో లేదో మూత తీసి చూడాలి, ఇండికేటర్‌ని నమ్మొద్దు. బ్యాటరీ, టైర్లు, డీజిల్, సైరన్. ఇవన్నీ లాగ్ బుక్‌లో రాయించండి, ఎవరు చెక్ చేశారో పేరుతో సహా.

టర్నౌట్ డ్రిల్ (బెల్ మోగగానే రెడీ అయి బండి కదిలించే ప్రాక్టీస్) వారానికి కనీసం ఒకసారైనా చెప్పకుండా పెట్టండి, అన్నం తినే టైమ్‌లో ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. అమెరికాలో ఫైర్ సేఫ్టీ స్టాండర్డ్స్ రాసే ఎన్‌ఎఫ్‌పీఏ సంస్థ 1710 నంబర్ స్టాండర్డ్ ప్రకారం ఫైర్ కాల్‌కి బెల్ మోగిన దగ్గర్నుంచి బండి కదిలే దాకా 80 సెకన్లు. మన స్టేషన్లలో డ్రెస్సింగ్ అంతా బండి పక్కనే పెట్టుకుంటే అది సాధించలేని టైమేం కాదు, చాలాచోట్ల లేటయ్యేది బూట్లు ఒక గదిలో, హెల్మెట్ ఇంకో గదిలో ఉండటం వల్లే.

వాచ్ రూమ్‌లో కూర్చునే మనిషిని తక్కువగా చూడకండి. 101కి, 112 నుంచి మనకి మళ్లించిన కాల్‌కి సమాధానం చెప్పేది అతనే. ఫోన్ చేసినవాళ్లు కంగారులో "అన్నా మంటలు, తొందరగా రండి" అని పెట్టేస్తారు. ఏ ఊరు, ఏ ల్యాండ్‌మార్క్, ఏం తగలబడుతోంది, లోపల మనుషులున్నారా, తిరిగి చేయడానికి నంబర్ ఏంటి, ఈ ఐదూ అడిగి రాసుకునే దాకా ఫోన్ పెట్టనివ్వకూడదు, కానీ మూడోది చెప్పేలోపే బండి కదలాలి. మిగతావి దారిలో వైర్‌లెస్‌లో చెప్పొచ్చు.

ఏరియా తెలుసుకోవడం (ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తా)

చాలామంది ఆఫీసర్లు మ్యాప్ గోడకి తగిలించి ఏరియా తెలుసనుకుంటారు. బండి వేసుకుని తిరగండి. ఖాళీ టైమ్‌లో రోజుకో వార్డు, లేదా రోజుకో రెండు ఊళ్లు. వాటర్ టెండర్ (నీళ్ల ట్యాంక్ ఉండే మన ఫైర్ బండి) వెడల్పు అటూఇటూ రెండున్నర మీటర్లు ఉంటుంది, అద్దాలు కలిపితే ఇంకొంచెం, ఏ సందులో పడుతుందో ఏ సందులో పడదో మలుపు దగ్గర తిప్పి చూస్తేనే తెలుస్తుంది. పొద్దున ఖాళీగా ఉన్న బజారు సాయంత్రం బండ్లు, తోపుడు బళ్లు, కేబుల్ వైర్లతో ఎలా ఉంటుందో కూడా చూడండి. బండి పడని సందులకి ఎన్ని హోస్‌లు కలిపితే చివరి ఇంటిదాకా చేరతామో లెక్క రాసి పెట్టుకోండి, ఒక హోస్ 15 మీటర్లు అనుకుంటే 150 మీటర్ల సందుకి 10 హోస్‌లు, పైగా మలుపులకి ఒకటి రెండు ఎక్స్‌ట్రా.

2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. కింద షాపులు, పైన ఇళ్లు, లోపలికి సొరంగంలాంటి సన్నటి దారి, పైకి వెళ్లడానికి ఒక్కటే ఇరుకు మెట్లు. అలాంటి బిల్డింగ్‌లు ఒక్క పాతబస్తీలోనే లేవు, విజయవాడ వన్‌టౌన్‌లో ఉన్నాయి, వరంగల్‌లో ఉన్నాయి, మీ టౌన్‌లో బంగారం షాపుల బజారు ఉంటే అక్కడా ఉంటాయి. మీ ఏరియాలో అలాంటివి ఎక్కడెక్కడున్నాయో పేరుతో సహా మీ దగ్గర లిస్టు ఉండాలి, వెనక గోడ పగలగొట్టి వెళ్లాలంటే ఏ పక్కింటి నుంచి వీలవుతుందో కూడా.

నీళ్ల సంగతి. మనవైపు హైడ్రంట్లని (రోడ్డు పక్కన ఫైర్ బండ్ల కోసం పెట్టే నీళ్ల పాయింట్లు) నమ్ముకుని బతికే పరిస్థితి లేదు. వాటర్ టెండర్‌లో 4500 లీటర్లు ఉంటాయి, ఒక మామూలు బ్రాంచ్ నిమిషానికి 450 లీటర్లు తాగేస్తుంది అనుకోండి, పది నిమిషాల్లో ట్యాంక్ ఖాళీ. రెండు బ్రాంచ్‌లు వేస్తే ఐదు నిమిషాలు. ఈ లెక్క తెలిసిన ఆఫీసర్ దిగీ దిగగానే రెండో బండి, నీళ్లు ఎక్కడినుంచి అన్నది మాట్లాడతాడు, తెలియనివాడు ట్యాంక్ అయిపోయాక ఫోన్లు చేస్తాడు, అప్పుడు జనం "నీళ్లు లేకుండా వచ్చారు" అని వీడియోలు తీస్తారు. అందుకని మీ ఏరియాలో చెరువులు, కాలువ గట్లు, బండి దగ్గరిదాకా వెళ్లగలిగే బావులు, పెద్ద అపార్ట్‌మెంట్ల సంపులు, రైస్ మిల్లుల బోర్లు, మున్సిపల్ ఫిల్లింగ్ పాయింట్లు, ప్రైవేట్ ట్యాంకర్ వాళ్ల ఫోన్ నంబర్లు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో. మార్చిలో ఒకసారి ఆ లిస్టు మళ్లీ తిరిగి చూడాలి, ఎందుకంటే కాల్స్ ఎక్కువయ్యేది ఎండాకాలంలోనే, చెరువు ఎండిపోయేదీ కాలువ కట్టేసేదీ అప్పుడే.

ఇంకోటి, మీ ఏరియా స్వభావం బట్టి స్టేషన్ మారాలి. గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలుంటే ఆ పొగలో మాస్క్ లేకుండా ఒక్క నిమిషం నిలబడలేరు, పైగా కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా ఉంటుంది, మంట రోజుల తరబడి లోపల రగులుతూనే ఉంటుంది. ఆదిలాబాద్, వరంగల్ వైపు జిన్నింగ్ మిల్లుల్లో పత్తి బేళ్లు పైకి ఆరిపోయినట్టు కనిపించి లోపల కాలుతుంటాయి, విప్పి చూడకుండా తిరిగొస్తే సాయంత్రానికి మళ్లీ కాల్ వస్తుంది. గడ్డివాములూ అంతే, జేసీబీ పిలిపించి చిమ్మించాల్సిందే. కోనసీమలో అయితే గ్యాస్ పైప్‌లైన్లు, 2014 జూన్ 27 నగరం గ్రామం పేలుడు ఎవరూ మర్చిపోలేరు, అక్కడి ఆఫీసర్‌కి పైప్‌లైన్ వాల్వ్‌లు ఎక్కడున్నాయో, ఎవరికి ఫోన్ చేస్తే మూస్తారో తెలిసి ఉండాలి.

బిల్డింగ్‌ల ప్రీ-ప్లాన్

గత కొన్నేళ్లలో మన దగ్గర జరిగిన పెద్ద ప్రమాదాలు వరసగా చూడండి. 2022 మార్చిలో బోయిగూడ స్క్రాప్ గోడౌన్, 11 మంది బీహార్ కూలీలు, పైన పడుకున్నారు, కిందికి దిగే దారి మంటల్లోంచే. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్ రూబీ హోటల్, కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి, 8 మంది. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్, ఆరుగురు యువతీ యువకులు, పొగకి ఊపిరాడక. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్, కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు, 9 మంది. 2020 ఆగస్టులో విజయవాడ స్వర్ణ ప్యాలెస్, హోటల్‌ని కోవిడ్ సెంటర్ చేశారు, 10 మంది. వీటిలో చాలావాటిది ఒకటే కథ, కింద తగలబడే సరుకు, పైన మనుషులు, మధ్యలో ఒక్క మెట్ల దారి, అది పొగ గొట్టం అయిపోవడం. మంట తగలకుండానే మనిషి పోతాడు.

కాబట్టి ప్రీ-ప్లాన్‌కి, అంటే ప్రమాదం రాకముందే బిల్డింగ్ చూసి రావడానికి వెళ్లినప్పుడు గోడకున్న ఎర్ర సిలిండర్లు లెక్కపెట్టి వచ్చేయకండి. సెల్లార్‌లోకి దిగండి, అక్కడ నిజంగా పార్కింగే ఉందా, స్టాక్ ఉందా, బ్యాటరీలు చార్జింగ్ పెట్టారా. మెట్లు ఎక్కి టెర్రస్ దాకా వెళ్లండి, తలుపుకి తాళం ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి, రాత్రి రెండింటికి ఆయన ఎక్కడుంటాడో కూడా. కిటికీలకి గ్రిల్స్ ఉన్నాయా, ఉంటే ఏ వైపు కట్ చేస్తే నిచ్చెన వేయొచ్చు, ముందు కరెంటు వైర్లున్నాయా. మెయిన్ స్విచ్, జనరేటర్, గ్యాస్ బ్యాంక్. ఒక్క పేజీ స్కెచ్ చాలు, చేత్తో గీసినదైనా పర్లేదు, కానీ అది ఆఫీస్ బీరువాలో ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు, బండిలో ముందు సీటు దగ్గర ఫైల్‌లో ఉండాలి, ఫోన్‌లో ఫొటో కూడా ఉండాలి. వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకుండా ఇద్దరు ఫైర్‌మన్‌లని తీసుకెళ్లండి, రేపు ఆ మెట్లెక్కేది వాళ్లే.

ఇండస్ట్రియల్ ఏరియా మీ కిందికి వస్తే ఇది ఇంకా సీరియస్. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఫార్మా కంపెనీలో సాల్వెంట్ లీకై అంటుకుని 17 మంది పోయారు. ఏ బ్లాక్‌లో ఏ సాల్వెంట్ ఎంత స్టాక్ ఉంటుందో, నీళ్లు కొట్టొచ్చా కొట్టకూడదా, ఫోమ్ వాళ్ల దగ్గర ఎంత ఉంది మన దగ్గర ఎంత ఉంది, నైట్ షిఫ్ట్‌లో నిర్ణయం తీసుకోగలిగే మనిషి ఎవరు, ఇవన్నీ కంపెనీ సేఫ్టీ వాళ్లతో కూర్చుని రాయించుకోవాలి. ఇక గ్యాస్ లీక్ కాల్ అయితే బండిని ఎప్పుడూ గాలి వచ్చే వైపు నుంచే తీసుకెళ్లాలి. 2020 మే 7 విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో వచ్చింది స్టైరీన్ ఆవిరి, అది గాలికన్నా బరువు, పల్లంలో నిలుస్తుంది, వంటగ్యాస్ కూడా అలాగే. మన బండి ఇంజనే నిప్పు రవ్వ అవ్వొచ్చని డీఓపీకి ముందే చెప్పి ఉంచాలి.

స్పాట్‌లో మీ పని ఏంటి

ఇక్కడే కొత్త ఆఫీసర్లు ఎక్కువ తడబడతారు. చేతులు ఊరుకోవు, బ్రాంచ్ లాక్కుని తామే ముందుకెళ్తారు, జనం చప్పట్లు కొడతారు, ఫొటో పేపర్‌లో వస్తుంది, కానీ అప్పుడు స్టేషన్ ఆఫీసర్ అనేవాడు అక్కడ లేనట్టే. మీ చేతిలో ఉండాల్సింది వైర్‌లెస్. దిగగానే వీలైతే బిల్డింగ్ చుట్టూ ఒకసారి నడవండి, కనీసం మూడు వైపులైనా చూడండి, వెనక కిటికీలో ఎవరో చెయ్యి ఊపుతుంటే ముందు నుంచి కనపడదు. తర్వాత కంట్రోల్ రూమ్‌కి మొదటి మెసేజ్: ఎన్ని అంతస్తులు, ఏ అంతస్తులో మంట, మనుషులు ఇరుక్కున్నారా, ఇంకెన్ని బండ్లు కావాలి. అనుమానం ఉంటే ఎక్కువే అడగండి, వచ్చిన బండిని వెనక్కి పంపడం తేలిక.

ఆర్డర్ ఎప్పుడూ మనుషులే ముందు, తర్వాత మంట పాకకుండా పక్క బిల్డింగ్‌లు కాపాడటం, తర్వాతే ఆర్పడం. కరెంటు 1912కి చెప్పి తీయించారా, అంబులెన్స్ 108 వచ్చిందా, పోలీసులు జనాన్ని వెనక్కి నెట్టారా, ఇవి ఒక మనిషికి అప్పగించి మీరు మర్చిపోవచ్చు.

బీఏ వేసుకుని లోపలికి వెళ్లేవాళ్ల విషయంలో మాత్రం మర్చిపోవడానికి లేదు. 6.8 లీటర్ల సిలిండర్, 300 బార్ ప్రెషర్, అంటే సుమారు 2040 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్లు పీలిస్తే పేపర్ మీద 50 నిమిషాలు. మెట్లెక్కి, హోస్ లాగుతూ, భయంలో పీల్చేది 40 కాదు, 60 నుంచి 80 దాకా వెళ్తుంది, అప్పుడు మీ దగ్గర ఉన్నది 25 నుంచి 34 నిమిషాలే, పైగా అందులో తిరిగి రావడానికి కావాల్సింది పక్కన పెట్టాలి. విజిల్ మోగేది 55 బార్ దగ్గర, అది బయల్దేరమని చెప్పే గంట అనుకోకండి, అప్పటికి బయట ఉండాలి. ఎంట్రీ దగ్గర ఒక మనిషిని పలక పట్టించి నిలబెట్టండి, ఎవరు వెళ్లారు, ఎన్ని గంటలకి, గేజ్ ఎంత ఉంది, ఎన్నింటికి బయటికి రావాలి. ఇద్దరు లోపల ఉంటే ఇద్దరు బయట రెడీగా ఉండాలి. సిబ్బంది తక్కువ కదా సార్ అంటారు, నిజమే, అందుకే రెండో బండి ముందే పిలవమంటున్నా. లోపల ప్రాణాలున్నాయని పక్కా అయితే అది వేరే లెక్క, అప్పుడు మీరు స్పాట్‌లో నిలబడి తీసుకోవాల్సిన నిర్ణయం, దానికి ఫార్ములా లేదు.

మనుషులెవరూ లేరని తేలిపోయి, బిల్డింగ్ గంటల తరబడి కాలుతుంటే లోపలికి పంపకండి. 2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్‌లో డెక్కన్ బిల్డింగ్ గంటలు గంటలు కాలి చివరికి మొత్తం కూల్చేయాల్సి వచ్చింది. స్లాబ్ పెచ్చులూడటం, గోడ ఉబ్బడం, పగుళ్లు, ఇవి కనపడితే అందరినీ బయటికి లాగేయండి, బయటినుంచే కొట్టండి.

ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలు కొత్త తలనొప్పి. ఆరిపోయిందనుకున్నది గంటల తర్వాత మళ్లీ అంటుకుంటుంది. నీళ్లు చాలా పట్టిస్తుంది, ఆర్పాక దాన్ని బిల్డింగ్‌కి దూరంగా ఖాళీ జాగాలో పెట్టించి ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పి రావాలి.

రెస్క్యూ కాల్స్‌లో పాత బావులు, సెప్టిక్ ట్యాంకులు చాలా డేంజర్. గేదె పడిందని ఒకడు, వాడు రాలేదని ఇంకొకడు దిగి వరసగా పోతారు. బీఏ సెట్, నడుముకి తాడు లేకుండా మీవాళ్లు ఒక్కరు కూడా దిగకూడదు, ఊరి పెద్ద ఎంత అరిచినా సరే.

లీడర్లు, మీడియా వస్తారు. మాట్లాడేది ఒక్కరే ఉండాలి, మీరో మీ డీఎఫ్‌వోనో (జిల్లా ఫైర్ ఆఫీసర్). కారణం "విచారణలో తేలుతుంది" అని ఆపండి, షార్ట్ సర్క్యూట్ అని నోరు జారితే రేపు అదే రికార్డ్ అయిపోతుంది. బండి లేటుగా వచ్చిందనే మాట ఎలాగూ వస్తుంది, అందుకే కాల్ వచ్చిన టైమ్, బయల్దేరిన టైమ్, చేరిన టైమ్ నిమిషాలతో సహా వాచ్ రూమ్‌లో ఉండాలి. నిజంగా లేటయితే ఎందుకయిందో కూడా రాయండి, దాచకండి.

మీ మనుషులు

స్పాట్ నుంచి వచ్చాక ఆ రోజే, టీ తాగుతూ, పావుగంట కూర్చోండి. ఏం బాగా జరిగింది, ఎక్కడ ఆలస్యమైంది. అందరికన్నా జూనియర్‌తో మొదలుపెట్టించండి, మీరు ముందు మాట్లాడితే మిగతావాళ్లు తల ఊపుతారంతే. ఈ మీటింగ్‌లో అన్నమాటకి మెమో ఇవ్వకూడదు, ఒక్కసారి ఇస్తే ఇంకెప్పుడూ ఎవరూ నిజం చెప్పరు. నలుగురిలో తిట్టడం, మీ బట్టలు ఉతికించడం, సరుకులు తెప్పించడం లాంటివి చేస్తే మాత్రం ఈ గైడ్ మొత్తం చదివినా లాభం లేదు.

2022లో డబ్ల్యూహెచ్‌వో కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ, ఫైర్‌ఫైటర్ ఉద్యోగంలో ఎక్స్‌పోజర్‌ని గ్రూప్ 1లో, అంటే క్యాన్సర్ కలిగిస్తాయని తేలినవాటిలో పెట్టింది. మసి పట్టిన కోటు వేసుకుని గర్వంగా తిరగడం మానిపించండి. స్పాట్‌లోనే నీళ్లతో కడిగించండి, బండి క్యాబిన్‌లోకి, మంచాల గదిలోకి, క్వార్టర్‌కి పిల్లల దగ్గరికి ఆ బట్టలు పోకూడదు. వచ్చిన వెంటనే స్నానం. మంట ఆరాక కాలినవాటిని కదిపి చిమ్మే టైమ్‌లో కూడా మాస్క్ ఉండాలి, పొగ కనపడట్లేదని అందరూ తీసేసేది అప్పుడే. మే నెలలో కోటు వేసుకుని పనిచేసేవాళ్లకి మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ బండిలో ఉంచండి, మనుషుల్ని మార్చి మార్చి పంపండి.

పిల్లల శవాలు మోసిన రోజు కొంతమంది మాట్లాడరు, కొంతమంది అతిగా నవ్వుతారు, రెండూ గమనించాలి. "ఇవన్నీ మామూలే రా" అని కొట్టిపారేయకండి. నిద్ర పట్టట్లేదంటే డాక్టర్ దగ్గరికి మీరే తోడెళ్లండి, ఒకటి రెండు రోజులు సెలవివ్వండి. సెలవుల రిజిస్టర్ అందరికీ కనపడేలా పెట్టండి, పండక్కి ఎవరు పోయినేడాది డ్యూటీ చేశారో ఈసారి వాళ్లకి ముందు. స్టేషన్‌లో గొడవలు సగం ఇక్కడే పుడతాయి. హోంగార్డు, ఔట్‌సోర్సింగ్ కుర్రాళ్లకి కూడా అదే హెల్మెట్, అదే కోటు ఉండాలి, మంటకి ఎంప్లాయీ ఐడీ తెలీదు.

ఎన్‌ఓసీలు, ఇన్‌స్పెక్షన్లు

కమర్షియల్ అయితే 15 మీటర్లు, రెసిడెన్షియల్ అయితే 18 మీటర్లు దాటిన బిల్డింగ్‌లకి మన డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే సర్టిఫికెట్) ఉండాలి. ఇన్‌స్పెక్షన్ చేసి రిపోర్ట్ ఇవ్వమని మీ దగ్గరికి వస్తే నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగం పక్కన పెట్టుకుని వెళ్లండి. ఫైర్ పంప్ ఆటోలో ఉందా అని అడగడం కాదు, టెర్రస్ మీద హోస్ రీల్ తెరిపించి నీళ్లు వచ్చే దాకా నిలబడండి, కింద పంప్ దానంతటదే స్టార్ట్ అవ్వాలి. అలారం కాల్ పాయింట్ నొక్కించండి. సెట్‌బ్యాక్‌లో (బిల్డింగ్ చుట్టూ వదిలిన ఖాళీ జాగాలో) జనరేటర్ పెట్టారా, మెట్ల కింద గోడౌన్ చేశారా ఫొటోలు తీయండి. డబ్బు విషయం ఓపెన్‌గానే చెప్తున్నా, ఆ కవర్ తీసుకున్న బిల్డింగ్‌లోకి రేపు మీవాళ్లనే మీరు పంపాలి.

దీపావళి టెంపరరీ షాపులకి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ 2008 స్పష్టంగా ఉన్నాయి. షాపుకీ షాపుకీ కనీసం 3 మీటర్లు, ఎదురెదురుగా ఉండకూడదు, తగలబడని మెటీరియల్‌తో కట్టాలి, ఒక చోట 50కి మించి వద్దు, లోపల దీపాలు, గ్యాస్ లైట్లు ఉండకూడదు. టేప్ పట్టుకుని కొలవండి. లీడర్ ఫోన్ చేస్తే "రూల్ కాపీ పంపుతా అన్నా, మీరే చూడండి" అంటే చాలాసార్లు అక్కడితో ఆగుతుంది.

జనంతో

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వీక్. 1944 ఏప్రిల్ 14న బొంబాయి డాక్‌లో ఫోర్ట్ స్టైకిన్ ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయిన రోజు గుర్తుగా చేస్తాం. ఆ వారం ర్యాలీ తీసి ఫొటోలు దిగి వదిలేయకుండా, వరసగా ఏడు చోట్ల పనికొచ్చే డ్రిల్ పెట్టండి. హాస్పిటల్‌లో ఐసీయూ నుంచి పేషెంట్‌ని ఎలా దించాలి, హాస్టల్‌లో రాత్రి గేటు తాళం ఎవరు తీస్తారు, అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌కి పంప్ రూమ్ చూపించడం. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు తీయొద్దు, కిటికీలు తెరిచి రెగ్యులేటర్ కట్టేసి బయటికొచ్చి 1906కి చేయమని ఆడవాళ్ల పొదుపు సంఘం మీటింగ్‌లో పది నిమిషాలు చెప్పి చూడండి, పోస్టర్ల కన్నా అది బాగా పని చేస్తుంది. ఇంకో విషయం, మన పని మంట ఒక్కటే అని జనం అనుకుంటారు గానీ 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద తగ్గాక విజయవాడలో ఇళ్లలో, రోడ్ల మీద పేరుకున్న బురద కడిగింది కూడా ఫైర్ ఇంజన్లే, అలాంటి పనికి వెళ్లినప్పుడు విసుక్కోకుండా చేయిస్తే ఆ కాలనీలో మీ బండికి ఇంకెప్పుడూ దారి అడ్డం ఉండదు.

కాగితాలు

ఇది అందరికీ చిరాకే కానీ కొత్త బండి, కొత్త బీఏ సెట్లు వచ్చేది కాగితం వల్లే. "పరికరాలు చాలవు" అని రాస్తే ఫైల్ కదలదు. కాల్ రిజిస్టర్ మూడేళ్లది తీసి ఏ నెలలో ఎన్ని కాల్స్, ఏ మండలానికి చేరడానికి ఎన్ని నిమిషాలు, ఎన్నిసార్లు పక్క స్టేషన్ బండి కోసం ఆగాల్సి వచ్చింది, ఇవి ఒక టేబుల్‌గా పెట్టి రాయండి. రాష్ట్రాల ఫైర్ సర్వీసుల విస్తరణ, ఆధునికీకరణకి 15వ ఫైనాన్స్ కమిషన్ కింద కేంద్రం 5000 కోట్ల స్కీమ్ పెట్టింది, ఇలాంటి డబ్బు వచ్చినప్పుడు పైవాళ్లు వెతికేది లెక్కలతో రెడీగా ఉన్న ప్రపోజల్స్‌నే.

ఫైర్ రిపోర్ట్‌లు మాత్రం పెండింగ్ పెట్టకండి. గుడిసె కాలిపోయినవాళ్లు, చిన్న కిరాణా కొట్టు పోయినవాళ్లు నష్టపరిహారానికో ఇన్సూరెన్స్‌కో ఆ కాగితం కోసం మీ స్టేషన్ చుట్టూ తిరుగుతారు. ఏమేం కాలిపోయాయో స్పాట్‌లోనే వాళ్ల ముందు రాసుకుని, ఆధార్, పాస్‌బుక్‌లు పోయి ఉంటే అది కూడా ప్రత్యేకంగా రాసి, ఆ వారంలోనే సంతకం పెట్టి చేతికివ్వండి, జిరాక్స్ ఒకటి స్టేషన్ ఫైల్‌లో ఉంచండి, ఎందుకంటే నెల తర్వాత అది పోయిందని మళ్లీ వస్తారు.